రంగం అంటే రంగు కాదు

ఈ వారం ఢిల్లీ సంగతులకు సెలవు. పార్లమెంటు వరండాలలో వినిపించే మాటలు ఎక్కడికీ పోవు, వచ్చే వారమూ అవే వినిపిస్తవి. వేరొక పని మీద పురుషోత్తమ ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరి టాటానగర్ స్టేషనులో దిగిన నేను, స్టేషనుకు పక్కనే ఉన్న బర్మామైన్సులో ఒక సాయంకాలం గడిపాను. అక్కడ విన్న రెండు పాటల వెంట చాలా దూరం పోవలసి వచ్చింది. రంగూను దాకా, అటుపైన వేల్సు దాకా కూడా. పాఠకులు కొంచెం ఓపిక పట్టాలి.

జంషెడ్‌పూరులో తెలుగువారు ఎక్కడ ఉన్నారని అడిగితే ఎవరైనా మొదట చెప్పే పేటలలో బర్మామైన్సు ఒకటి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చినవారి మనుమలు, మునిమనుమలు ఇక్కడ ఉన్నారు. వీధిలో వినిపించేది హిందీ. గడప దాటి లోపలికి పోతే మాత్రం శ్రీకాకుళం యాస, అదీ నాలుగు తరాల నాటి యాస, మడత విప్పని పట్టుచీరలా ఉన్నది. ఇప్పుడు శ్రీకాకుళంలో కూడా అంత స్వచ్ఛంగా వినిపించదేమో. సినిమాలూ టెలివిజనూ అక్కడ అరగదీసిన పలుకుబడి ఇక్కడ గోడ చాటున భద్రంగా మిగిలిపోయింది.

నేను వెళ్ళిన ఇల్లు కర్మాగారంలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయనది. అరుగు మీద నలుగురైదుగురు కూర్చొని భజన పాటలు సాధన చేస్తున్నారు. హార్మోనియం, తాళాలు, ఒక డోలకు. ఆ పక్కనే పెద్దాయన మనుమరాలు, పన్నెండు పదమూడేళ్ళ పిల్ల, ఒక నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. తొంగి చూస్తే అందులో ఉన్నవి తెలుగు పాటలే గాని అక్షరాలు నాగరి. తాతగారు పాడుతుంటే ఆ పిల్ల విన్నది విన్నట్టు హిందీ లిపిలో రాసుకున్నదట. సున్నాలు, దీర్ఘాలు అటూ ఇటూ అయినవి గాని పాట నిలబడింది.

భజన ముగిసిన తరువాత పెద్దాయన తమ తల్లి పాడే జోలపాట ఒకటి పాడారు. ఓడ ఎక్కి రంగం పోయిన మగని కోసం ఎదురు చూసే ఇల్లాలు బిడ్డను నిద్రపుచ్చుతూ పున్నములు లెక్కపెట్టుకునే పాట. గొంతు వణికినా చరణం తప్పలేదు. మనుమరాలూ ఆయనతో పాటు చక్కగా పాడింది. పాట అయిన తరువాత నేను ఊరక అడిగాను, “రంగం అంటే ఏమిటమ్మా?” అని.

“రంగ్ కదా అంకుల్! కలర్. హోలీ పాట అనుకుంటాను,” అన్నది.

అరుగు మీది పెద్దలు పకపకా నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. కొంతసేపు తాళాల వంక చూస్తూ ఊరకుండి, “తప్పు నాదే బాబూ. పాట నేర్పినాను గాని కత సెప్పలేదు,” అన్నారు. తరువాత మనుమరాలి వైపు తిరిగి, “రంగమంటే రంగు కాదే గుంటా. రంగూను. మా తాత రంగమెల్లిపోనాడు, మరి రాలేదు. మా అయ్య ఓడెక్కడానికి బయపడి రైలెక్కీసినాడు. అందుకే మనం టాటాలో ఉన్నాం,” అన్నారు.

ఒక్క మాట కథ తెలియకపోతే విరహగీతం హోలీ పాట అయిపోతుంది. ఆ పిల్లకు తెలుగు రాదని కాదు. ఇంట్లో ధారాళంగా మాట్లాడుతుంది. పాట అందినది, పాట వెనుక ఉన్న మనిషి అందలేదు.

రంగం సంగతి ఉత్తరాంధ్ర పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. మిగిలినవారి కోసం రెండు మాటలు. గత శతాబ్దపు పూర్వార్ధంలో కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి వేలాది తెలుగు కూలీలు బర్మాకు వలస పోయేవారు. రంగూను రేవులో మూటలు మోసినవారిలో, బియ్యం మిల్లులలో పనిచేసినవారిలో తెలుగువారు అధిక సంఖ్యలో ఉండేవారు. కోరంగి రేవు పేరును బట్టి వారిని అక్కడ ‘కోరంగీలు’ అనేవారు, గౌరవంతో కాదు. 1930 మే నెలలో రంగూను రేవులో పనుల విషయమై తలెత్తిన తగాదా బర్మీయులకు, తెలుగు కూలీలకు మధ్య ఘోరమైన దొమ్మీగా మారి ఎందరినో బలిగొన్నది. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూను మీద బాంబులు కురిపించినపుడు బతికినవారు కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశం చేరడానికి బయలుదేరారు. దారిలోనే పోయినవారికి లెక్కలేదు. ‘రంగం పోయాడు’ అన్న మాటకు మన పల్లెలలో అంత బరువు ఉన్నది.

ఇక చమత్కారమేమంటే, రంగం పోకుండా రైలెక్కినవారు దిగినచోటి పేరు కూడా బర్మాయే. బర్మామైన్సులో గనులు లేవు. బర్మా ఉత్తర ప్రాంతంలో బాడ్విన్ అనే చోట వెండి, సీసం, జింకు దొరికే గొప్ప గని ఒకటి ఉన్నది. దానిని తవ్విన బర్మా కార్పొరేషన్ అనే కంపెనీ వెనుక ఉన్న ప్రముఖులలో తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ ఒకరు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆ గనిలోని జింకు ఖనిజాన్ని ఓడలలో కలకత్తాకు తెచ్చి, రైలు మీద ఇక్కడికి చేర్చి కరిగించాలన్న యోచన సాగింది. యుద్ధం ముగిసింది, యోచనా ముగిసింది. కర్మాగారం రాలేదు, పేరు మాత్రం స్థిరపడింది. రాని జింకు పేరు పెట్టుకున్న పేటలోకి రంగం పోని తెలుగువారు వచ్చి చేరారు.

ఈ సంగతి చెప్పగా అరుగు మీది ఒకరు, “పక్కన గోల్మురి సంగతి కూడా అలాంటిదే బాబూ. అక్కడ దొరలు ఇంగిలీసోళ్ళు కారట, మరేదో బాస మాట్లాడేవోరట. మా మావ సెప్పేవోడు,” అన్నారు. ఆ ‘మరేదో భాష’ నాకు తెలుసు. ఇక్కడ నా కథ వేల్సుకు తిరిగింది.

గోల్మురి ఇక్కడికి కొద్ది మైళ్ళ దూరం. 1920లో అక్కడ టిన్‌ప్లేట్ కంపెనీ ఆఫ్ ఇండియా వెలసింది. అందులో భాగస్వాములు టాటా ఉక్కు కంపెనీ, బర్మా ఆయిల్ కంపెనీ. చూడండి, మళ్ళీ బర్మాయే! చమురు కంపెనీకి రేకుతో పని ఏమిటంటే, కిరసనాయిలు పోయడానికి డబ్బాలు కావాలి. మన ఇళ్ళలో చమురు అయిపోయిన తరువాత మూత కోసి, కర్ర బిగించి, నూతిలో నీళ్ళు తోడుకున్న నలుపలకల డబ్బా ఉన్నదే, దాని కోసం పుట్టిన కర్మాగారం అది. తగరపు పూత రేకు తయారీలో ఆనాడు ప్రపంచంలో ఆరితేరినవారు దక్షిణ వేల్సులోని పనివారు. ఎర్రగా కాలిన ఉక్కు పలకను పట్టకారుతో పట్టి, రోలర్ల నడుమ తోసి, మడిచి, మళ్ళీ కాల్చి, మళ్ళీ తోసి పలుచని రేకుల దొంతిని తీయడం చేతిపని, జట్టుపని. కొలిమి ఎదుట పనివాని కన్ను, చేయి తప్ప మరే కొలబద్ద లేదు. అందుచేత ఆ పనివారినే ఓడలలో రప్పించి భారతీయులకు పని నేర్పించారు. నేర్చినవారి కూలికీ, నేర్పినవారి జీతానికీ పోలిక ఉండేది కాదు. 1929లో గోల్మురి కార్మికులు నెలల తరబడి సమ్మె చేశారు. అప్పటికి జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ అధ్యక్షులుగా ఉన్న సుభాష్ చంద్ర బోస్ వారి పక్షాన నిలిచారు.

దక్షిణ వేల్సు రేకు పరిశ్రమకు లనెలీ అనే పట్టణం ముఖ్యకేంద్రం. దానికి ‘రేకుల పట్నం’ అని అర్థం వచ్చే ముద్దుపేరు కూడా ఉండేది. ఆ ఊరి గుర్తు ఒక చిన్న గిన్నె. వారు గుండెలకు హత్తుకున్న ‘సోస్బన్ వాఖ్’ అనే పాటకు ‘చిన్న సాస్‌పాన్’ అని అర్థం. ఒక ఇంట్లో ఒకామె వేలికి దెబ్బ తగిలింది, పాలేరుకు జబ్బు చేసింది, పసివాడు ఉయ్యాలలో ఏడుస్తున్నాడు, పిల్లి ఇంకొక పిల్లవాణ్ణి గీరింది, పొయ్యి మీద చిన్న గిన్నె కాగుతున్నది. ఇంతే పాట! 1873లో ఒక కవి రాసిన చరణాన్ని 1895లో మరొకరు మార్చి అల్లగా ఇట్లా తయారైంది. రగ్బీ ఆటలో వేలమంది ఒక్క గొంతుతో పాడతారు. గోలుస్తంభాల కొనలకు ఎర్రని గిన్నెలు తగిలించే ఆచారం కూడా ఉండేది. 1972 అక్టోబరు 31న ఆ చిన్న ఊరి జట్టు న్యూజిలాండ్ జాతీయ జట్టును 9-3తో ఓడించిన రోజున ఈ గిన్నె పాట ఎట్లా మారుమోగి ఉంటుందో ఊహించుకోవచ్చు. గోల్మురి కొలిమి ఎదుట, వైశాఖ మాసపు ఎండలో, ఆ మనుషులు పాటలు లేకుండా పనిచేశారని నేను నమ్మను. వారు తిరిగిపోయారు, పాటలూ వారితోనే పోయినవి.

వారి భాష గురించి నాకు ఆసక్తి కలిగించినది మరొక పాట. 2022 నవంబరులో కతార్ దేశంలో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగినపుడు వేల్సు జట్టుకు అధికార గీతంగా వెల్షు భాషా గీతం ఒకటి వినిపించింది. అరవై నాలుగేళ్ళ తరువాత ఆ జట్టు ప్రపంచ పోటీలలో ఆడుతున్నది. పాట పేరు ‘అమా ఓ హీడ్’, అంటే ‘ఇంకా ఇక్కడే’ అని. పాడినది డావిద్ ఇవాన్ అనే గాయకుడు, ఆయన వెనుక ‘ఆర్ లోగ్’ అనే జానపద వాద్యబృందం. బృందం పేరుకు ‘అద్దెకు’ అని అర్థం. పెళ్ళికి బాజాభజంత్రీలు దొరికినట్టు మేమూ దొరుకుతామని వారి హాస్యం. 1976లో బ్రిటనీలో జరిగే కెల్టిక్ ఉత్సవానికి వేల్సు పక్షాన ఒక బృందం కావలసి వచ్చి నలుగురు కుర్రవాళ్ళను పోగుచేస్తే పుట్టిన బృందం అది.

ఆ పాట పుట్టుక ఆటకు సంబంధించినది కానే కాదు. 1979 మార్చి 1న వేల్సుకు స్వంత శాసనసభ కావాలా అని ప్రజాభిప్రాయం అడిగితే అత్యధికులు వద్దన్నారు. భాషాభిమానులు కుంగిపోయారు. గనులు, ఉక్కు మిల్లులు మూతపడే కాలం కూడా అదే. 1982లో, తమ చివరి స్వతంత్ర రాజు లూవెలిన్ చనిపోయి 700 సంవత్సరాలు అయిన సందర్భంగా డావిద్ ఇవాన్, ఆర్ లోగ్ బృందం కలిసి ఊరూరా తిరిగి పాడారు. మరుసటి ఏడు మళ్ళీ తిరగాలనుకున్నారు. ఈసారి సందర్భం ఏది? క్రీ. శ. 383లో రోమను సేనాధిపతి మాక్సెన్ సింహాసనం కోసం సైన్యంతో బ్రిటను విడిచిపోయాడు. 1983కు సరిగ్గా 1600 సంవత్సరాలు. మాక్సెన్ వెళ్ళిపోయాడు, ఎందరో వచ్చారు, ఎన్నో జరిగినవి, మేము మాత్రం ఇంకా ఇక్కడే ఉన్నాము అని పాట. ఓడిపోయినవారిని లేవనెత్తడానికి పదహారు వందల ఏళ్ళ వెనుకకు పోయి ఒక కథ తెచ్చుకున్నారన్న మాట.

పాడినవాడి కథ కూడా తక్కువది కాదు. డావిద్ ఇవాన్ 1943లో బొగ్గుగనుల సీమలో పుట్టాడు. రోడ్ల మీద ఊళ్ళ పేర్లు ఆంగ్లంలో మాత్రమే ఉండటాన్ని వ్యతిరేకించి ఫలకాల మీద రంగు పూసి, జరిమానా కట్టక 1970లో జైలుకు పోయాడు. అంతకు ముందు ఏడాది మిత్రుడు హ్యూ జోన్స్‌తో కలిసి వెల్షు పాటల రికార్డు కంపెనీ స్థాపించాడు. ఆ కంపెనీ మొదటి రికార్డు ‘దూర్’, అంటే ‘నీరు’. అది కాపెల్ కెలిన్ అనే పల్లె మునక గురించిన పాట. లివర్‌పూల్ నగరానికి నీటి కోసం 1957లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. వేల్సుకు ఉన్న 36 మంది సభ్యులలో ఒక్కరు కూడా దానికి అనుకూలంగా ఓటు వేయలేదు. అయినా చట్టం అయింది, 1965లో బడి, ప్రార్థనాలయం, పొలాలతో సహా పల్లె జలాశయం అడుగుకు చేరింది. శ్రీశైలం ముంపు గ్రామాల వారికి ఈ పాట అర్థం కావడానికి వెల్షు రానవసరం లేదు.

అయితే ఫుట్‌బాల్ మైదానంలో ఆ పాట పాడే కుర్రవారందరికీ మాక్సెన్ ఎవరో తెలుసునా? వారిలో అనేకులకు భాషే రాదు. 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్సులో వెల్షు మాట్లాడేవారు 5 లక్షల 38 వేలు, నూటికి పద్దెనిమిది మంది కూడా లేరు. తెలుగువారు 2011 లెక్కల ప్రకారం 8 కోట్ల 11 లక్షలు. ఇక్కడే మనం పొరబడుతున్నామని నాకు అనిపిస్తున్నది. ఎనిమిది కోట్లు అన్న లెక్క హైదరాబాదులో కూర్చున్నవారికి ధైర్యం ఇస్తుంది. బర్మామైన్సులో నోటుపుస్తకం పట్టుకున్న పిల్లకు ఆ ఎనిమిది కోట్లతో ప్రయోజనమేమున్నది? ఆమె వరకు తెలుగు అంటే తాతగారు, ఆ అరుగు, ఓ ఇరవై పాటలు. వెల్షు కంటే చిన్న భాష.

ఇంతలో వేడి టీ వచ్చింది. పెద్దాయన గొంతు సవరించుకొని, “దేవుడి పాటలయినాయి, జోలపాటయింది. ఇప్పుడు మా పాట పాడతాను,” అన్నారు. ఎత్తుకున్నది వంగపండు ప్రసాదరావు కట్టిన యంత్రం పాట. యంత్రం ఎట్లా నడుస్తున్నదో చెబుతూ చెబుతూ శ్రమ ఎట్లా దోపిడీకి గురవుతున్నదో చెప్పే పాట. కొంతకాలం కిందట పార్వతీపురం వైపు చుట్టాల ఇంటికి పోయినపుడు నేర్చుకున్నారట. డోలకు పక్కన పెట్టి, నూనె డబ్బా ఒకటి బోర్లించి దాని మీద దరువు వేశారు. చిన్నప్పుడు ఇక్కడి పిల్లలందరికీ కిరసనాయిలు డబ్బాయే డప్పు అట. గోల్మురి రేకు చివరికి పాటలోకి వచ్చిందని మనసులో నవ్వుకున్నాను.

వంగపండు కూడా 1943లోనే పుట్టారు, పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో. విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశారు. యంత్రం ఎట్లా నడుస్తుందో పుస్తకంలో చదివి రాసినది కాదు, చేతికి గ్రీజు అంటిన మనిషి రాసినది. అందుకే ఏళ్ళ తరబడి ఉక్కు మిల్లులో పనిచేసిన వారి నోట అది స్వంత మాటలాగా పలుకుతుంది. 1972లో గద్దర్, బి. నరసింగరావు ప్రభృతులతో కలిసి జననాట్యమండలి ఏర్పాటులో ఆయన పాలుపంచుకున్నారు. గోచీ, గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేత డప్పు. తెలుగునాట ఆ బృందం తెచ్చిన కదలిక పాఠకులకు తెలిసినదే.

ఆయన మరొక పాట ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’. పిలుపులాగా, సరసంలాగా మొదలయ్యే ఈ పాట వెనుక శ్రీకాకుళ కొండల నెత్తుటి చరిత్ర ఉన్నది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో జరిగే గిరిజన సంఘ మహాసభకు నడిచిపోతున్నవారిపై లేవిడి గ్రామం వద్ద భూస్వాముల వర్గం కాల్పులు జరపగా కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు నేలకూలారు. అక్కడి నుంచి ఉద్యమం సాయుధ పోరాటపు దారి పట్టింది. ఉత్తరాంధ్ర జముకుల కథను ఆ పోరాటానికి గొంతుగా మలచిన కవి సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో కాల్పులలో మరణించారు. ఆయన పుట్టుక ఒడియా కుటుంబంలో, పాట మాత్రం తెలుగు. ఆ పోరాట మార్గం సరియైనదా కాదా అన్న చర్చ వేరు, దాని మీద నా అభిప్రాయాలు నాకున్నవి. పాట మాత్రం ఆ కొండల నుంచి, ఆ జముకు మోత నుంచి వచ్చింది. 2009లో ‘మగధీర’ చిత్రంలో ఆ పల్లవిని వాడుకున్నపుడు వివాదం రేగింది. ఎక్కడో పెళ్ళి ఊరేగింపులో ఆ మాటలకు చిందులు వేసేవారికి కోరన్న, మంగన్న జ్ఞాపకం రారు. రంగం హోలీ అయినట్టే ఇదీను. ఎనిమిది కోట్లమంది నడుమ ఉన్నా కథ జారిపోవచ్చునన్న మాట. వంగపండు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు. గద్దర్ 2023 ఆగస్టు 6న పోయారు.

పెద్దాయన పాట ఆపిన తరువాత మనుమరాలు నోటుపుస్తకం మూసి, “తాతా, దీని కథ ఏమిటి?” అని అడిగింది. రంగం అనుభవంతో ఆ పిల్ల మేల్కొన్నది. పెద్దాయన చెప్పడం మొదలుపెట్టారు. షిప్‌యార్డుతో ఆరంభించి, తాము 1970లలో మిల్లులో చేరిన రోజులలోకి పోయి, వేళ్ళు పోగొట్టుకున్న స్నేహితుని గురించి చెప్పి, మళ్ళీ పాట దగ్గరకు రావడం మరచిపోయారు. ఎవరూ ఆయనకు గుర్తు చేయలేదు.

ఢిల్లీ విలేకరిని గనుక ఒక్క ఢిల్లీ ముక్క చెప్పక తప్పదు. ప్రాథమిక విద్య దశలో భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు మాతృభాషలో బోధన సౌకర్యం కల్పించాలని రాజ్యాంగపు 350ఎ అధికరణం రాష్ట్రాలను కోరుతున్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన అధికరణం అది. దాని పక్కనే ఉన్న 350బి ప్రకారం ఒక ప్రత్యేకాధికారి, ఆయన నివేదికలు, అవి పార్లమెంటు ఉభయసభల ముందుకు రావడం అన్నీ ఉన్నవి. ఆ నివేదికలు నేను తిరగవేశాను. బరువైన సంపుటాలు. రాష్ట్ర ప్రభుత్వాలకు ప్రశ్నావళి పంపామని, జవాబులు రాలేదని రాసిన పుటలు వాటిలో కొల్లలు. జార్ఖండ్ ప్రభుత్వం రెండవ అధికార భాషలుగా గుర్తించిన వాటిలో ఉర్దూ, సంతాలీ, బెంగాలీ, ఒడియా మొదలైనవి ఉన్నవి. తెలుగు లేదు. పెద్దాయన చిన్నతనంలో తెలుగులో చదువుకున్నారు. కుమారుడికి తెలుగు ఒక పాఠ్యాంశం. మనుమరాలికి అదీ లేదు. మూడు తరాలలో జరిగిన పని ఇది.

వేల్సులోనూ ప్రభుత్వం తనంత తాను కరగలేదు. వెల్షు టెలివిజను కేంద్రం పెడతామన్న వాగ్దానాన్ని 1979లో వచ్చిన థాచర్ ప్రభుత్వం పక్కన పెట్టినపుడు గ్విన్వర్ ఎవన్స్ అనే వృద్ధ నాయకుడు 1980 అక్టోబరు నుంచి ఆమరణ నిరాహారదీక్ష చేస్తానని ప్రకటించాడు. దీక్ష మొదలు కాకముందే, సెప్టెంబరులోనే ప్రభుత్వం దిగివచ్చింది. 1982 నవంబరు 1న ఆ కేంద్రం ప్రసారాలు ప్రారంభమైనవి. పొట్టి శ్రీరాములు గారి కథ తెలిసిన మనకు నిరాహారదీక్ష సంగతీ, నవంబరు ఒకటో తారీఖు సంగతీ ఎవరూ చెప్పనక్కరలేదు. లండనులోని ప్రభుత్వం దీక్షకు ముందే భయపడింది, మన ప్రభుత్వం శ్రీరాములు గారు పోయిన తరువాత కదిలింది.

రాత్రి తొమ్మిది దాటింది. లేవబోతుంటే ఆ పిల్ల నోటుపుస్తకమూ కలమూ నా చేతికిచ్చి, “అంకుల్, రంగం అని తెలుగులో రాయండి,” అన్నది. రాశాను. కింద తాను రాసింది. మొదటిసారి సున్నా తరువాతి అక్షరానికి అంటుకుపోయింది, రెండవసారి సరిగా వచ్చింది. తరువాత ‘బర్మా’ ఎట్లా రాయాలని అడిగింది. ఆ రేఫతో కొంత ఇబ్బంది పడ్డాము. మకారపు ఒత్తు నాకే ఒక క్షణం తడబడింది, ఢిల్లీలో ఉంటే నాకూ చేతిరాత తగ్గిపోయింది మరి.

వీధి చివరి దాకా సాగనంపడానికి వచ్చిన పెద్దాయన, “బాబూ, పెద్దబాలశిక్ష ఇక్కడ దొరకటం లేదు. నాలుగు పంపుతావేటి? డబ్బులు నేనిస్తాను. పక్కింటోళ్ళ పిల్లలు కూడా ఉన్నారు,” అన్నారు. ఢిల్లీకి తిరిగి వచ్చిన మరునాడే విజయవాడలోని మిత్రునికి చెప్పి ఆరు ప్రతులు బర్మామైన్సు చిరునామాకు పంపించాను. అందినట్లు ఇంకా కబురు రాలేదు.